కిటికీ వైపు తిరిగిన కెమెరా

సబ్‌జైలు జాలీకి అవతల నా మొగుడు మణికంఠ, కట్టు కట్టిన ఎడమ చెయ్యి గుండెకు ఆనించుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏమే దుర్గా, ఆ రోజు బండిలో కెమెరా నా వైపు లేదు. కిటికీ వైపు ఉంది."

విషయం అర్థమయ్యాక నాకు జాలీ ఊడబెరికి లోపలికి దూరాలనిపించింది. మా ఓనరు నాగేశ్వరరావు గారు, డ్రైవర్లు కునుకు తీస్తారని ప్రతి లారీలో వాళ్ల మొహానికి ఎదురుగా కెమెరా బిగించాడు. దాచేపల్లిలో సిమెంటు లోడుకు క్యూలో ఆగినప్పుడల్లా వీళ్లు దాన్ని కుడి కిటికీ వైపు తిప్పి కాళ్లు చాపుతారు. తెలిస్తే పని ఊడుతుంది. ఈయన ఆ రోజు తిప్పి, మళ్లీ సరిచేయడం మరిచిపోయాడు.

"వారం రోజులు ఈ మాట కడుపులో పెట్టుకు కూర్చున్నావా? ఏం మనిషివయ్యా!"

"ఓనరుకు చెప్పబాకే. తీసేస్తాడు."

కాగితాలన్నీ చూపించాక కూడా బండి ఎందుకు ఆపారని అడిగినందుకు ఎస్.ఐ. లాఠీతో ఈయన చెయ్యి విరగ్గొట్టాడు. పైగా, జాకీ రాడ్డుతో తన మీదికే వచ్చాడని కేసు పెట్టాడు. మరి మీ ఛాతీ మీద కెమెరా ఉందిగా అని మా లాయరు అడిగితే, ఆ రోజు చార్జింగ్ అయిపోయిందన్నాడు.

బండిలో కెమెరా ఎనిమిది రోజులు దాటితే పాతది చెరిపేసి కొత్తది ఎక్కించుకుంటుంది. బండి తాళం తీస్తే తప్ప ఆగదు. కొట్టింది పోయిన మంగళవారం పదకొండు గంటలకు. ఈరోజు బుధవారం, పదిన్నర అయింది! బయటికి పరిగెత్తి, ఇప్పుడు ఆ బండి తోలుతున్న వాజిద్‌కు ఫోన్ కొట్టాను.

"వాజిదన్నా, యాడున్నావ్?"

"కాటా మీదున్నా చెల్లెమ్మా, తూకం అవతా ఉంది."

"ఇంజను ఆపు! తాళం తీసి జేబులో ఏసుకో! నేనొచ్చేదాకా ఎవుడేమన్నా తియ్యబాకు!"

ఆటోవాణ్ణి తొందరపెట్టి తొందరపెట్టి దాచేపల్లి చేరేసరికి కాటా వెనక నలభై లారీలు ఒకటే హారన్లు. వాజిద్ తాళం గుప్పిట్లో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. అతని ఎదురుగా, ఫ్యాక్టరీ వాళ్లు పిలిపిస్తే వచ్చిన ఓనరు, కోపంతో ఊగిపోతున్నాడు. ఓనరు కంటపడకుండా పని కానిద్దామనుకున్నాను. కుదర్లేదు. కుదిరినా లాభం లేదు, వీడియో తన బండిదేనని కోర్టుకు సంతకం పెట్టాల్సింది ఆయనే. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే మీ ఆయన ఏడాదిగా నా బండిలో నిద్రపోతన్నాడా?"

"పోతన్నాడు. పని తీసేస్తే తీసెయ్యండి. ముందు ఆ కెమెరాలో కార్డు చూడండి."

ఆయన గొణుక్కుంటూనే కార్డు తీసి, కాటా గదిలో కంప్యూటరుకు పెట్టించాడు. ఉంది! దేవుడా, మంగళవారం ఉంది! తెరిచిన తలుపు గుండా రోడ్డు మీద మా ఆయన, రెండు చేతులూ జోడించి. ఎస్.ఐ. లాఠీ లేచింది, ఒకటి, రెండు, మూడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, వెంటనే ఒళ్లు మండిపోయింది.

"ఆపండి! ఆ ఛాతీ మీద ఏందది?"

వాజిద్ బొమ్మ పెద్దది చేశాడు. ఎస్.ఐ. కెమెరా మీద చిన్న ఎర్రలైటు ఆరుతూ వెలుగుతోంది. చార్జింగ్ లేదన్న కెమెరా రికార్డు చేస్తోంది!

"లాయరుకు ఫోన్ చెయ్ దుర్గమ్మా, సంతకం ఏడ పెట్టాలో కనుక్కో," అన్నాడు ఓనరు. గది బయట డ్రైవర్లు పెట్టిన కేకలకు కాటా గుమాస్తా అదిరిపడ్డాడు.

శుక్రవారం కోర్టులో మేజిస్ట్రేటుగారు ఆ వీడియో రెండుసార్లు చూశారు. ఎస్.ఐ. కెమెరాలో రికార్డయింది సోమవారానికి తన ముందు ఉండాలన్నారు. ఎస్.ఐ. తల దించుకున్నాడు. మా ఆయనకు బెయిలు ఇస్తూ అడిగారు:

"నీ కెమెరా పక్కకెందుకు తిరిగుందయ్యా?"

వెనక బెంచీలో ఓనరు ఉన్నాడు. మా ఆయన ఓనరు వైపోసారి చూసి, "పడుకోడానికి సార్," అన్నాడు. కోర్టంతా నవ్వింది, ఓనరు తప్ప.

ఆ సాయంత్రం మా ఆయన పని పోయిందనే అనుకుంటూ, తన దగ్గరున్న రెండో తాళం ఇవ్వడానికి ఓనరు షెడ్డుకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఓనరు స్టూలేసుకుని లారీలో కెమెరా బిగిస్తున్నాడు. పాతది డ్రైవరు మొహం వైపే ఉంది. చేతిలో ఉన్న రెండోదాన్ని ఆయన కిటికీ వైపు తిప్పి మరలు బిగించాడు.

"చెయ్యి అతుక్కున్నాక రా," అన్నాడు, మా వైపు తిరక్కుండానే.