మణికట్టు దాకా

చాలా ఏండ్ల నుంచి నాకొక సందేహం. పని చేసిన చెయ్యి దేవుడికి కనిపిస్తుందా, కింద రాసిన పేరు కనిపిస్తుందా? ప్రతి శనివారం యాదగిరిగుట్ట స్వామి పటం ముందు దీపం పెట్టి ఇదే అడుగుతాను. పదో తరగతి చదివినదాన్ని, ఇంతకంటే బాగా అడగడం రాదు.

మా ఆయన రఘుపతి మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆర్ట్ కాలేజీలో ఇలస్ట్రేషన్ విభాగానికి పెద్ద. కథలకూ పాఠాలకూ బొమ్మలు వేయడం నేర్పుతాడు. ముఖాలు బాగా వేస్తాడు. చేతులే రావు. ఎన్నిసార్లు వేసినా అయిదు వేళ్లూ అయిదు బెండకాయల్లా వస్తాయి. పెళ్లయిన రెండో ఏడు, ఒక పత్రికకు బొమ్మ పంపే తొందరలో, "నువ్వు ముగ్గులేస్తవు గదా, జర గీ చేతులు పెట్టు" అన్నాడు. పెట్టాను. అప్పటి నుంచి ఆయన బొమ్మలన్నీ మణికట్టు దాకా వచ్చి నా దగ్గర ఆగుతాయి. పప్పు ఉడికేలోపు వంటగట్టు మీదే వాటిని పూర్తి చేస్తాను. నాకు తెలిసిన చెయ్యి ఒక్కటే, ముగ్గుపిండి పట్టిన చెయ్యి. అందుకే ఆయన బొమ్మల్లో రాజుకైనా, డాక్టరుకైనా, బడిపిల్లకైనా బొటనవేలూ చూపుడువేలూ చిటికెడు ఏదో జారవిడుస్తున్నట్టు ఉంటాయి. అది రఘుపతి గారి ముద్ర అని పేపర్లో రాశారు. ఇంటికొచ్చిన వాళ్లతో ఆయన, "మా ఆమెకు ఆర్ట్ తెల్వదు, చాయ్ మాత్రం మంచిగ పెడ్తది" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు కోమల ఆ కాలేజీలో చివరి ఏడు చదివేది. ఆడపిల్లలు బొమ్మలు దిద్దించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాళ్లు. సారు వచ్చేదాకా ఉత్తగా కూర్చోవడం ఎందుకని మా అత్త అమృతమ్మ వాళ్ల ముందు చిక్కుడుకాయలో, ఏరాల్సిన బియ్యమో పెట్టేది. కోమల తాగే గ్లాసు మాత్రం కిటికీలో విడిగా ఉండేది. రోజూ దీపం పెట్టే నేను ఆ గ్లాసును ఒక్కనాడూ లోపలికి తేలేదు.

ఒకరోజు నేను చేతులు వేస్తుంటే కోమల చూసింది. ఆశ్చర్యపోలేదు. "గీ చేతులు సార్‌వి కావని నాకు ఎప్పుడో అనిపించిందమ్మా. నాకూ నేర్పుతరా?" అంది. నేర్పాను. ఎవరికీ చెప్పొద్దని దీపం ముందు ఒట్టు వేయించుకున్నాను. తరువాతి వారం వాళ్లమ్మ బాలనర్సమ్మ బొమ్మ తెచ్చింది. ముఖం, కొప్పు, కొంగు అన్నీ తనే వేసింది. చేతుల జాగా ఖాళీ. "మా అమ్మ చేతులు వెయ్యనీకి నాకు ధైర్యం చాల్తలేదు. మీరే పెట్టియ్యండి" అంది. దసరా లోపల ఇస్తానన్నాను.

దసరా కంటే ముందే పరీక్ష వచ్చింది. కోమల బొమ్మ చూసి, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఇవి మీ చేతులే గదా సార్" అని మా ఆయనతో అన్నాడట. తను వేసిన బొమ్మ మీద కాగితం పెట్టి ఆ పిల్ల దించిందన్నాడట మా ఆయన. నేర్చుకున్నాను అందట కోమల. ఎవరి దగ్గర అంటే తల వంచుకుందట. "అయితే గీడనే అందరి ముందట గీసి చూపియ్యి" అన్నాడట పరీక్షకుడు. క్లాసంతా చూస్తుంటే వేళ్లు వణికాయి. ఫెయిల్ చేశారు.

ఆయనకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అన్నాడు: "నువ్వు నేర్పినవని నాకు ఎరుకే. నోరు విప్పినవంటే పోయేది నా నౌకరి, నీ బువ్వ." నేను నోరు విప్పలేదు. అన్నం పెట్టాను. పప్పులో ఉప్పు తక్కువ అన్నాడు. వేశాను. కోమల మళ్లీ కాలేజీకి రాలేదు. బాలనర్సమ్మ బొమ్మ ట్రంకు పెట్టెలో నా పెళ్లి చీర కిందికి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఒట్టు నిలబెట్టుకుంది. నేను మాట నిలబెట్టుకోలేదు.

పోయిన నెల ఆధార్ కాగితానికని జిరాక్సు షాపుకు వెళితే, లామినేషన్ మిషను దగ్గర కోమల ఉంది. బాగున్నారా అమ్మా అంది, ఏమీ జరగనట్టు. బొమ్మలు వేస్తున్నావా అని అడిగాను.

"లేదమ్మా. పెన్సిల్ పట్టుకుంటే గా దినమే యాదికొస్తది. చెయ్యి వణుకుతాంది." చేతిలోని కార్డు అంచు కత్తిరిస్తూ అంది, "మా అమ్మ పోయి రెండేండ్లయింది. ఫోటో అంటే రేషన్ కార్డుల ఇంత చిన్నదే ఉన్నది. గా బొమ్మ మీ దగ్గర ఉన్నదా?"

నిన్న శనివారం. ఆయన రిటైర్మెంటు ప్రదర్శనకు పన్నెండు బొమ్మలు బల్ల మీద పరిచి, సాయంత్రం లోపల చేతులు పెట్టమని చెప్పి కాలేజీకి వెళ్లాడు. నేను దీపం పెట్టి, ట్రంకు తెరిచి బాలనర్సమ్మను తీశాను. ముగ్గు పట్టిన చెయ్యి ఆమెకు పెట్టబోయాను. అతకలేదు. ఒకసారి ఆమె పల్లికాయ మూట పట్టుకుని మా ఇంటికొచ్చి, గడప బయటే కూర్చుంది. ఆ చేతులు గుర్తు తెచ్చుకున్నాను. పత్తికాయలు గీరిన గీతలు, అరిగిన గోర్లు. ఒళ్లో రెండూ వెల్లకిలా, ఏ పనీ లేకుండా పెట్టాను. అలా ఎప్పుడైనా పెట్టుకుందో లేదో నాకు తెలియదు. పొయ్యి వెలిగించలేదు. పన్నెండు బొమ్మలను ముట్టుకోలేదు.

ఆయన వచ్చేలోపే బొమ్మ పట్టుకుని జిరాక్సు షాపుకు వెళ్లాను. కోమల దాన్ని చాలాసేపు చూసింది. ఏడవలేదు. ఆ గీతల మీద వేలితో రాసి, "కింద పేరు లేదమ్మా" అంది.

ముందు నీ పేరు నువ్వు రాయి అని పెన్ను ఇచ్చాను. పట్టుకుంది. పెన్ను బల్ల మీద పెట్టేసి నా వైపు చూసింది.

నేనే రాశాను. ముఖం: కోమల. చేతులు: నిర్మల.