చిన్న టర్బో

పైపులాయన వేలి కొనతో టర్బో చక్రాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గరగర లేదు. చక్రం మెత్తగా తిరిగి తిరిగి ఆగింది. కడ్డీని పట్టుకుని కదిపి చూశాడు. పక్కలకి పిసరంత ఆట ఉంది, ఉండాలి. ముందుకీ వెనక్కీ ఏమీ లేదు, ఉండకూడదు. దాన్ని గుడ్డ మీద దించి పక్కనున్న పెద్దదాన్ని అందుకున్నాడు. అది ఏదో లారీ నుంచి ఊడదీసినది. ఒంటిచేత్తో లేపబోతే ఎడమ భుజం కలుక్కుమంది. రెండు చేతులతో ఎత్తి, తిప్పి, విని, మళ్ళీ పెట్టేశాడు. వంక పెట్టడానికి దాంట్లోనూ ఏమీ లేదు. అదే చిక్కు.

షెడ్డు బావది, అంటే అక్క మొగుడిది. రేకుల కప్పులో అక్కడక్కడ వేసిన పారదర్శకపు పలకల్లోంచి పడే వెలుగులో ఒక చిన్న కారు స్టాండ్ల మీద నిలబడి ఉంది. ముందు బంపరూ దీపాలూ ఊడదీయడంతో పళ్ళు కట్టించుకోవడానికి నోరు తెరిచిన ముసలమ్మలా ఉంది. కారు మేనకోడలిది. కొండదారిలో ఒక్కో బండినీ విడివిడిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో పైకి చేరారో గడియారంతో తేల్చే పందేలకి వెళుతుంది ఆ పిల్ల. ఈసారి ఇంజనుకి టర్బో బిగించాలని తండ్రీ కూతుళ్ళు పట్టుబట్టారు.

"ఇంకా ఏం చూస్తావురా? పెద్దది పెట్టెయ్. పెట్టేదేదో ఘనంగా పెడదాం" అన్నాడు బావ, చేతులు తుడుచుకుంటూ.

"పెద్దది ఆలస్యంగా లేస్తుంది బావా."

"లేచాక?"

"లేచాక ఒక్కసారే లేస్తుంది. నీలాగే."

బావ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. కోపమొచ్చినప్పుడు ఆయన్ని ఆపగలిగింది అక్క తర్వాత ఈ బావమరిదొక్కడే. అదీ ఇలాంటి మాటలతోనే.

టర్బో చేసే పని పైపులాయనకి కొత్త కాదు. ఇంజను వదిలేసిన వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే కడ్డీకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి ఇంజనులోకి కూరుతుంది. చిన్న చక్రమైతే కొద్దిపాటి పొగకే తిరుగుతుంది, పైకెళ్ళాక ఆయాసపడుతుంది. పెద్దదానికి బోలెడు పొగ కావాలి. అందాకా నిద్రపోయి, అందగానే విరుచుకుపడుతుంది. వెనక చక్రాలు తోసే బండైతే అదో సంగతి. ఈ కారుని లాగేవీ ముందు చక్రాలే, తిప్పేవీ అవే. మలుపు మధ్యలో బలమంతా ఒక్కసారి వాటి మీద పడితే స్టీరింగ్ చేతుల్లోంచి పక్కకి గుంజుకుంటుంది.

ఒక్కసారిగా రావడమంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. వయసులో ఉన్నప్పుడు బట్టల మిల్లు బాయిలరు గదిలో ఆవిరి గొట్టాల పని చేశాడు. చల్లటి గొట్టంలోకి ఆవిరి వదిలేటప్పుడు వాల్వుని పిసరు తిప్పి ఆగాలి, గొట్టం వేడెక్కాక ఇంకో పిసరు తిప్పాలి. ఒకనాటి పొద్దున్న తొందరలో ఎవరో మొత్తం తిప్పేశారు. గొట్టం సమ్మెటతో మోదినట్టు మోగి, గోడనుంచి పెళ్ళగిలి వచ్చింది. పక్కనే నిలబడ్డ స్నేహితుడి చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. ఆ తర్వాత పైపులాయన దేన్నీ ఒక్కసారిగా తెరవలేదు. తలుపైనా, ఉత్తరమైనా, మనసైనా. పెళ్ళి చూపుల్లో ఆ అమ్మాయితో ఒక్క మాటా అనలేకపోయి, వారం పోయాక వాళ్ళ గుమ్మం ముందు నిలబడి "మీ కుళాయి కారుతోంది, బాగుచేయమంటారా?" అని అడిగాడు. ఇప్పటికీ నలుగురూ చేరినప్పుడు ఆయన భార్య ఆ ముక్క చెప్పి నవ్విస్తుంది.

మధ్యాహ్నం కాకముందే మేనకోడలు వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం, ఆ రోజు సెలవు. వస్తూనే బల్ల మీది రెండింటినీ చూసింది.

"చిన్నది పెడదామన్నావట. నాన్న ఫోన్లో చెప్పారు."

"అనుకుంటున్నా అమ్మడూ."

"నేను పట్టుకోలేననా మావయ్యా?"

గొంతులో బాధుంది. పందెంలో ఆడవాళ్ళని చూసి పెదవి విరిచేవాళ్ళు ఎంతమందున్నా ఆ పిల్ల పట్టించుకోదు. ఈ మాట ఈయన నోట రావడమే మింగుడు పడలేదు. పైపులాయన తొందరపడలేదు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"పట్టుకోగలవు. పోయినేడు నీ పక్కన కూర్చుని కొండెక్కాను కదా, నీ మణికట్లు చూశాను. పెద్దది పెడితే బండిని పట్టుకోవడానికే నీ బలమంతా పోతుంది. మలుపులో నువ్వు బండి గురించి ఆలోచించకూడదు తల్లీ, దారి గురించి ఆలోచించాలి."

ఆ పిల్ల పెద్ద టర్బోని ఓసారి నిమిరి, చిన్నదాన్ని తీసుకెళ్ళి ఇంజను పక్కన ఆనించి చూసింది.

"సరిగ్గా పడుతుంది" అంది.

"ఒకటైపోయారు ఇద్దరూ!" అని బావ ఒంటికాలి మీద లేచాడు గానీ, బోల్టుల డబ్బా తెచ్చి ముందు పెట్టిందీ ఆయనే.

పొగ గొట్టానికి టర్బోని బిగించాక గొట్టాల పని మొదలైంది. అది పైపులాయన రాజ్యం. పైనుంచి ఆయిల్ తెచ్చే సన్నటి గొట్టం, పక్కలకి నీళ్ళ గొట్టాలు, కింద ఆయిల్ తిరిగి దిగిపోయే లావుపాటి గొట్టం. తాను వేసిన గొట్టం కంటికి కనపడకూడదని ఆయన పంతం. మిల్లులో కూడా అంతే, పెద్దలు చూడ్డానికొస్తే ఆయన పని తప్ప మిగతావన్నీ కనిపించేవి. ఆయిల్ దిగే గొట్టాన్ని చక్రాల ఇరుసు వెనగ్గా, సొగసుగా వంచి దాచాడు. కారు కింద పడుకుని బిగిస్తుంటే చెమటలు ధారకట్టాయి. ఉక్కగా ఉందనుకున్నాడు.

మేనకోడలు దీపం పట్టుకుని కిందికి దూరింది. "మావయ్యా, ఇదిగో ఇక్కడ చూడు. ఇరుసు దాటేచోట పైకి లేచింది."

ఆయన చూశాడు. నిజమే. టర్బోలోంచి బయటపడ్డ ఆయిల్‌కి జారడమే తప్ప ఎక్కే సత్తువ ఉండదు. ఆ మిట్ట దగ్గర ఆగిందంటే వెనక్కి నిండి, లోపల కారి, బండి నీలిపొగ కక్కుతుంది. ఇంత చిన్న సంగతి ఆయన కంట పడకపోవడం ఎప్పుడూ లేదు.

"అందంగా ఉందని మురిసిపోయానే" అన్నాడు, సిగ్గుగా నవ్వి.

"టర్బో నడుం కాస్త ఇటు తిప్పితే? తిన్నగా కిందికి వస్తుంది కదా?"

"అప్పుడు గొట్టం అందరికీ కనిపిస్తుంది."

"కనిపించనీ మావయ్యా. చూడనీ."

రెండు చక్రాల మధ్యనున్న ఆ నడుం బోల్టులు సడలించి ఇద్దరూ కలిసి దాన్ని తిప్పారు. కొత్త గొట్టం నిట్టనిలువుగా, ఏ సొగసూ లేకుండా దిగింది. పైపులాయన లేచి దూరంగా నిలబడి చూసి, ఫరవాలేదన్నట్టు తల పంకించాడు.

ఇక మిగిలింది, టర్బో కూరే వేడిగాలి ముందున్న కూలరులో చల్లబడ్డాక దాన్ని ఇంజనుకి చేర్చే గొట్టం ఒక్కటే. దాని దారి తేల్చడానికి ఇనుప తీగ ముక్క తీసుకుని బ్యాటరీ పక్కగా వంచాడు. బానెట్‌కి తగులుతుందనిపించి తిరిగి సరిచేశాడు. కుదిరాక దాన్ని బల్ల మీద పెట్టి, కారులోంచి తీసి గోడవారగా ఉంచిన సీటులో కూలబడ్డాడు.

"టీ తేనా మావయ్యా?"

"తే. పంచదార వెయ్యమను. మీ అత్తకి చెప్పకు."

ఆ పిల్ల టీ తెచ్చేసరికి ఆయన తల పక్కకి వాల్చి ఉన్నాడు. గ్లాసు చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. తండ్రి వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. బావ గ్రైండరు ఆపేసి, ఆకురాయి తీసుకుని చేత్తోనే నెమ్మదిగా అరగదీయసాగాడు. ఇద్దరూ గుసగుసలతో, సైగలతో పని చేసుకున్నారు. పాపం అలిసిపోయాడు, కాసేపు పడుకోనిద్దాం అనుకున్నారు. టీ మీద మీగడ కట్టింది. నేలమీది వెలుగు గోడకెక్కింది. తీగని ఎటు తిప్పి పెట్టాలో తెలియక అడుగుదామని బావే వెళ్ళి చేయి తట్టాడు. చేయి చల్లగా ఉంది.

"ఒరేయ్" అన్నాడు బావ.

దినవారాలు అయ్యాక, మిగిలిపోయిన ఆ గాలి గొట్టం బావే చేశాడు. అతుకులు వంకరటింకరగా వచ్చాయి. కోసి మళ్ళీ అతికాడు, మళ్ళీ కోశాడు. పెద్ద టర్బో మాట తిరిగి ఎత్తలేదు. పందెం రోజు అత్తని తీసుకొచ్చి కొండ కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మేనకోడలికి మొదటి స్థానం రాలేదు. ఆమె కంటే తక్కువ సమయంలో చేరినవాళ్ళు కొందరున్నారు. పైనుంచి దిగి వచ్చి, హెల్మెట్ తీసి అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"మలుపుల్లో స్టీరింగ్ కదల్లేదు అత్తా. దారంతా చూశాను" అంది.

అత్త ఆమె మణికట్టు పట్టుకుని నిమురుతూ ఉండిపోయింది. వాళ్ళ వెనకాల జనం తెరిచిన బానెట్‌లోకి తొంగి చూసి గొట్టాల గురించి ఏదో అడుగుతుంటే బావ చెబుతున్నాడు.

షెడ్డులో బల్ల సర్దిన ప్రతిసారీ పాత తీగలన్నీ తుక్కులోకి పోతాయి. ఆ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ తీయలేదు, తిన్నగా సాగదీయలేదు. బ్యాటరీని చుట్టి, బానెట్‌ని తప్పించుకుని, ఇంజను దాకా వెళ్ళే దారి అలాగే మెలికలుగా, ఆయన వేళ్ళు నొక్కినచోట చిన్న చిన్న సొట్టలతో, బల్ల మీద పడి ఉంది.