కట్టర్ నోట్లో చిక్కిన తాడు

వైష్ణవి పనిచేసే ఫ్యాక్టరీ గుమ్మిడిపూండి ఇండస్ట్రియల్ ఎస్టేటులో చిట్టచివర ఉంది. పాత ఇనుము కరిగించి కడ్డీలు పోస్తారక్కడ. లారీల్లో దిగిన తుక్కును చూసి, ఏది కొలిమికి పోవచ్చో ఏది పోకూడదో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ వారం వచ్చిన సరుకులో, సముద్రంలో శత్రువు పెట్టిన మైన్లనే బాంబులను ఏరివేసే ఒక మైన్‌స్వీపర్ సామాను ఉంది. ఓడను ఎప్పుడో విప్పేశారు. దాని మీద తాళ్లు చుట్టే వించీలూ, ఇనుప తాళ్లూ ఏదో గిడ్డంగిలో ఏళ్ల తరబడి పడి ఉండి, చేతులు మారి ఇక్కడికి చేరాయి. వించి పలక మీద ఓడ పేరు చదవగానే వైష్ణవి తిరుత్తణిలో ఉన్న తాత వరదయ్యకు ఫోన్ చేసింది.

"తాతా, నీ ఓడ సామాన్లు మా యార్డుకు వచ్చుండాయి. చూస్తావా?"

"కరిగించేలోగా వస్తా," అన్నాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన ఆ ఓడ వెనక భాగంలో వించి తిప్పిన నావికుడు. మర్నాడు పొద్దున్నే రైళ్లు మారి వచ్చాడు. వైష్ణవి మేనేజరును అడిగి, తాతకు హెల్మెట్ పెట్టించి, యార్డులోకి తీసుకెళ్లింది.

వించి దగ్గరికి పోగానే ఆయన నడుం నిటారైంది. తుప్పు పట్టిన డ్రమ్మును ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు.

"మాది ఇనుప ఓడ కాదమ్మా. అల్యూమినియం చట్రానికి చెక్క పలకలు బిగించి కట్టినారు. ఇనుము దగ్గరికొస్తే పేలే మైన్లు ఉంటాయి గదా, వాటికి మేం కనపడకూడదని. దీనికి చుట్టిన తాడు వెనకాల నీళ్లలోకి ఒదిలి, పొలం దున్నినట్టు సాలు మీద సాలు పొయ్యేది. యుద్ధమప్పుడు తెల్లారేసరికి రేవు దాటేది ముందు మేమే. మేం ఊడ్చిన దోవలోనే పెద్ద ఓడలు వచ్చేటివి."

"మైను తాడుకు తగిలితే పేలదా తాతా?"

"మైను పైన తేలదు. అడుగున బరువుకు కట్టిన తీగ మీద నిలబడుంటాది. ఆ తీగ మా తాడు మీద జారుకుంటా వచ్చి, తాడుకు బిగించిన కట్టర్ నోట్లో పడతాది. కట్టర్ తెంచేస్తాది. మైను పైకి తేలినాక తుపాకీతో దూరం నుంచి కొట్టేది. కట్టర్లు రెండు రకాలు. ఒకటి ఉత్త కత్తెర. ఇంకోదాంట్లో పేలుడు మందు ఉంటాది. నోట్లో తీగ ఒత్తుకుంటే చాలు, మందు పేలి ఉలి వచ్చి..."

మాట మధ్యలో ఆగిపోయాడు. ఆయన చూపు వెంట వైష్ణవీ తల తిప్పింది.

యార్డు అవతలి వైపు రాజమాణిక్యం క్రేన్ నడుపుతున్నాడు. క్రేన్ అయస్కాంతానికి ఇనుప తాళ్ల పోగు ఒకటి అతుక్కుని గాల్లోకి లేచింది. దాన్నుంచి వేలాడిన ఒక తాడు కొస కింద రెండో వించి కాళ్ల సందులో ఇరుక్కుని ఉంది. పోగు పైకి పోయేకొద్దీ తాడు బిగుస్తోంది. మనిషెత్తు మీద, ఆ తాడుకే అంటుకుని మూరెడు ఇత్తడి గొట్టం, దానికి ఇనుప నోరు. పోగులోంచి వచ్చిన ఇంకో తాడు సరిగ్గా ఆ నోట్లోకి దూరి ఉంది.

"మందు కట్టరే," అన్నాడు వరదయ్య.

"ఉత్తదేమో తాతా. మందు తీసేసి గదా అమ్మేది?"

"తీసుంటారు. తియ్యకపోతే?"

వైష్ణవి ఈల ఊదింది. క్రేన్ ఆగింది. వాకీటాకీలో మేనేజరుకు చెప్పింది. ఆయన ఎదురు ప్రశ్న వెయ్యలేదు. సైరన్ మోగింది, మనుషులు గేటు వైపు పరిగెత్తారు. కానీ రాజమాణిక్యం క్యాబిన్‌లోనే ఉన్నాడు. నిచ్చెన దిగాలంటే ఆ పోగు పక్కనుంచే దిగాలి. పొద్దుట్నుంచీ కరెంటు పోతూ వస్తూ ఉంది. పోతే అయస్కాంతాన్ని బ్యాటరీ పట్టుకోవాలి. అది ఎంతసేపు పట్టి ఉంచుతుందో ఎవరికీ తెలియదు. వదిలేస్తే పోగంతా క్యాబిన్ కిందే పడుతుంది.

పోగును పైకెత్తి ఖాళీ స్థలంలోకి పంపేద్దామనుకుంది వైష్ణవి. చెయ్యి పైకి లేపబోయింది. తాత ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎత్తొద్దు! బిగిస్తే నోట్లో తాడు ఒత్తుకుంటాది. దించాల. సడలించుకుంటా, మెల్లంగా."

"కచ్చితంగా తెలుసా తాతా?"

"యాభై ఏండ్లయిందమ్మా. తెలుసుననే అనుకుంటాండా. డెక్కు మీద సర్దేటప్పుడు ఒకటి పేలి ఇంద్రసేన అనే వాడి రెండు వేళ్లు పోయినాయి. ఆ పొద్దు తాడు బిగించింది ఎవురో మాకు తెలీనే లేదు."

వాకీలో రాజమాణిక్యం గొంతు: "అమ్మా, ఎన్న ఆచ్చు, ఏమైంది? నేను దిగిపోనా?"

"దిగొద్దన్నా! నా చెయ్యి చూడు. నేను చూపించినంతే దించు."

సైగ కనపడాలంటే దగ్గరికి పోవాలి. ఆమె నడిచింది. వెనక అడుగుల చప్పుడు వినిపించి, "నువ్వు పో తాతా," అంది.

"తాడు సడలిందా లేదా నీ కంటికి తెలీదు. నడువు."

ఇద్దరూ ఇసుక కుప్ప వెనక నిలబడ్డారు. వైష్ణవి అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్లు మాత్రం కదిపింది. మోటారు మూలిగింది. పోగు జానెడు దిగింది.

"ఆపు," అన్నాడు తాత. ఆమె పిడికిలి బిగించింది. తాడు మెల్లగా మెలి తిరుగుతోంది. తిరుగుతూ, నోట్లో ఉన్న తాడును ఇంకాస్త లోపలికి లాగింది.

"తాతా..."

"చూస్తాండా. నిలబడనీ."

షెడ్డులో దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. పోగు ఊగింది కానీ పడలేదు. బ్యాటరీ పట్టింది. కరెంటు తిరిగొచ్చేదాకా ఆమె పిడికిలి విప్పలేదు. తాడు తిరగడం మానింది.

"ఇప్పుడు. మెల్లంగా."

ఇంకో జానెడు. ఇంకో జానెడు. తాడు మధ్యలో వంగింది. కట్టర్ తలకిందులైంది. నోట్లోని తాడు తనంతట తానే జారి బయటపడింది. వరదయ్య ఆమె భుజం మీద గట్టిగా చెయ్యి వేశాడు. పోగు నేల మీద ఒదిగింది.

రాజమాణిక్యం నిచ్చెన దిగి గేటు దాకా పరిగెత్తాడు.

మధ్యాహ్నం బాంబు నిర్వీర్య దళం వచ్చింది. పోగంతా వెతికి రెండు మందు కట్టర్లు తీశారు. ఒకటి ఖాళీది. రెండోదాన్ని గుంతలో పెట్టి ఇసుక బస్తాలు పేర్చి పేల్చారు. గేటు బయట నిలబడ్డవాళ్ల చెవులు గింగురుమన్నాయి. ఆ తుక్కు అమ్మిన వ్యాపారి పంపిన లారీలన్నీ ఆపేసి, పోలీసులు అతన్ని పిలిపించారు.

మేనేజరు వరదయ్య దగ్గరికి వచ్చి, "అయ్యా, వించి మీద ఓడ పేరున్న పలక విప్పించి ఇస్తాను, తీసుకుపోండి," అన్నాడు.

"ఒద్దు సార్. ముందు ఆ తాళ్లన్నీ ఇంకొకసారి చూపించండి," అన్నాడాయన.

సాయంత్రం తాతతో కలిసి తిరుత్తణిలో రైలు దిగేసరికి వైష్ణవి కుడిచెయ్యి మొద్దుబారి ఉంది. ఇంటి ముందు అవ్వ వరదమ్మ కనకాంబరాలు కడుతూ కూర్చుంది.

"ఏంది మీ మొకాలు అట్లుండాయి? ఏమైనాది?"

వైష్ణవి నోరు తెరిచేలోగా వరదయ్య చెప్పులు విడిచి భార్య పక్కన కూలబడ్డాడు. ఇన్నేళ్లలో ఓడ గురించి ఆమెతో చెప్పినవన్నీ నవ్వు కబుర్లే. వంటవాడి సాంబారు, సముద్రంలో వాంతులు, అంతే.

"నేను చెప్తా," అన్నాడు. "పూలు పక్కన పెట్టు."