అంబాజీపేటలో తాగించిన సోడా

గ్యాసే అయ్యుంటుంది, గ్యాసు కాక ఇంకేముంటుంది, అనుకుంటూనే కళ్యాణి ఆపరేషన్ థియేటర్ తలుపు వైపు చూసింది, పైన ఎర్రలైటు ఇంకా వెలగలేదు, అంటే ఇంకా కొయ్యలేదు, కొయ్యడమంటే ఎక్కడ, పొట్టా ఛాతీయా, డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు, పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డుపొరలో మీ ఆయనకి పుట్టుకతోనే కన్నం ఉందమ్మా, పేగులు అందులోంచి పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తున్నాయి, ఒకటి మెలిపడింది, ఆగడానికి లేదు, అని, ముప్ఫై ఆరేళ్లుగా ఆ కన్నంతోనే తిరిగాడా దుర్గాసాయి, ఆ కన్నంతోనే గునపం మీద రోజుకి వెయ్యి కొబ్బరికాయలు వలిచాడా, అన్నం తిన్నాక ఆయాసపడితే ఆమె నవ్వేది, ముద్ద ఎక్కువైందండీ మీకు, అని.

నర్సు సలోమి అడగనే అడిగింది, పొద్దుటి ఇడ్లీ తరవాత ఏవైనా తిన్నారాండీ, తాగేరాండీ, మత్తులో కడుపులోది గొంతులోకొస్తే ప్రమాదవండీ, అని, అప్పుడే బస్సు దిగి వచ్చిన అత్తగారు అచ్చాయమ్మ పక్కనే కళ్లు ఒత్తుకుంటోంది, ఏం లేదండీ, అనేసింది కళ్యాణి, మరి కొత్తపేట డాక్టరు ఈ పెద్దాసుపత్రికి పంపిస్తూ దార్లో మంచినీళ్లు కూడా పొయ్యొద్దన్నాక అంబాజీపేటలో ఆటో ఆపించింది ఎవరు, రెండు జీలకర్ర సోడాలు కొన్నది ఎవరు, వద్దే, పట్టట్లేదే, అంటున్నా, ఒక్క తేపొస్తే గ్యాసు తగ్గిపోద్దండీ, నా మాటినండీ, అని సీసా నోటికి ఆనించింది ఎవరు, ఆమె మాట తీసెయ్యలేక గుక్కగుక్కా మింగాడు, తేపు రాలేదు, పెదాలు నల్లబడ్డాయి.

చెప్తే అత్తగారు ఊరుకుంటుందా, నా కొడుకుని సోడా పోసి చంపేవే, అని ఆసుపత్రంతా వినేలా ఏడుస్తుంది, ఊళ్లో తలెత్తుకోవడం ఎలా, చెప్పకపోతే ఎవరికీ తెలీదు, ఆటో అతను ఎప్పుడో వెళ్లిపోయాడు, సోడాకొట్టు వాడికి వీళ్లెవరో తెలీదు, ఇంక తెలిసింది ఆయనొక్కడికే, లేచాక ఆయనే చెప్పేస్తాడు, సోడా తాగించిందమ్మా, అని నవ్వుతూ చెప్పేస్తాడు, దాగాలంటే ఆయన లేవకూడదు, ఛీ, తను కోరుకుంటున్నది అదా, ఇంతసేపూ ఈ కుర్చీలో కూర్చుని కాపలా కాస్తున్నది దానికా, కళ్యాణి లేచి రెండు చేతులా తలుపు బాదింది, సలోమిగారండీ, అబద్ధం చెప్పేనండీ, దార్లో రెండు సోడాలు తాగించేనండీ, లోపలికి చెప్పండీ, తలుపు తీసిన సలోమి వెనక్కి లోపలికి పరిగెత్తింది, వెనక నుంచి అత్తగారి కేక వినబడింది, అరవనీ, రేపు ఆయన కూడా చెప్పనీ, ఎంతమందికైనా చెప్పనీ, చెప్పడానికి లేస్తే చాలు.