నూగుముళ్ళు, నెరిసిన జుట్టు

నాగజెముడు పండ్ల కోత ఆ రోజుతో ఆఖరు. పొద్దున్నించీ టిబుర్సియో కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నం బండి వస్తే కోతవాళ్ళందరూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. ఎవుఫ్రాసియా కూడా కొండ అవతలున్న తన ఊరికి పోతుంది. మళ్ళీ కనిపించేది వచ్చే ఏడాది పండ్లకే. "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అన్న ఒక్క ముక్క అడగడానికి ఆయనకు మూడేళ్ళ కోతలు చాలలేదు. యాభై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారికి తొందరెక్కడిది లెండి!

ఈ పండు మీది పెద్ద ముళ్ళతో పేచీ లేదు, పట్టకారుతో పీకేయొచ్చు. ప్రాణం తీసేవి నూగుముళ్ళు. కంటికి ఆనవు, వేలికి వందేసి దిగుతాయి. అందుకే మంచుతడి ఆరకముందే, గాలికి వీపు పెట్టి కోస్తారు. కోసిన పండ్లను గడ్డి మీద పోసి చీపురుతో దొర్లిస్తారు. అయినా దిగినవాటికి ఇక్కడివాళ్ళు చేసే వైద్యం ఒకటే, జుట్టు. అరచేతులు తలకేసి రుద్దుకుంటే వెంట్రుకలే ముళ్ళను లాగేస్తాయి. చిన్నపిల్లలు తల్లి జుట్టులో రుద్దుతారు, మొగుడు పెళ్ళాం జుట్టులో రుద్దుతాడు. పరాయివాళ్ళ తల జోలికి ఎవరూ పోరు.

టిబుర్సియోది నున్నటి గుండు. మిగతావాళ్ళు తల రుద్దుకుని తిండికి కూర్చుంటే ఆయన ఒక్కడే ఓ మూల కూర్చుని పట్టకారుతో ఏరుకునేవాడు.

ఆ రోజు అడగాల్సిన మాటను మనసులో వల్లె వేసుకుంటూ ఎండెక్కాక చివరి వరుసలోకి దిగాడు. చేతితొడుగులు వేసుకోలేదు. పైగా గాలికి ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క విసురు వచ్చింది, అంతే. రెండు అరచేతులూ భగ్గుమన్నాయి.

"బాబాయ్ చేతులకి గడ్డం మొలిచిందిరోయ్!" అని కాందిదా అనే కోతపిల్ల అరిచింది. అందరూ విరగబడి నవ్వారు.

ఎవుఫ్రాసియా మాత్రం నవ్వలేదు. పండ్లు దొర్లిస్తున్న చీపురు పక్కన పడేసి వచ్చింది. భర్త పోయి తొమ్మిదేళ్ళయిన మనిషి. సగం నెరిసిన జడ నడుం దాటి ఉంటుంది.

"పుట్టి బుద్ధెరిగాక గాలికి మొహం పెట్టి కోసినవాణ్ణి నిన్నే చూస్తున్నా. ధ్యాస ఎక్కడ పెట్టావు?"

"ఏదో ఆలోచిస్తూ..."

"ఏంటంత ఆలోచన?"

టిబుర్సియో చేతులు వెనక్కి దాచుకోబోయాడు. ఆవిడ ఆయన చేతులు తిప్పి చూసి నిట్టూర్చింది. బోర్లించిన పండ్లపెట్టె మీద కూర్చుని జడ విప్పేసింది.

"ఇవి పట్టకారుకి లొంగేవి కావు. రా."

చుట్టూ ఉన్న కోతవాళ్ళు పని ఆపి ఇటు తిరిగారు.

"నీ జుట్టులోనా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. వాళ్ళ కళ్ళు వాళ్ళిష్టం."

రెండు చేతులూ ఆ జుట్టులో పెట్టాడు. పొయ్యిపొగ వాసన, కాల్చిన రొట్టెల వాసన. రుద్దేకొద్దీ మంట తగ్గింది. తల్లి పోయాక ఇంకో మనిషి తల నిమిరిన చేతులు కావవి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అటు తిరిగి ఉండడం మంచిదైందని అనుకున్నాడు. ముళ్ళు పోయి చాలాసేపైనా చేతులు తియ్యబుద్ధి కాలేదు.

"పోయాయా?"

అబద్ధమాడదామనుకున్నాడు కానీ చేతకాలేదు. "పోయాయి," అని చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఎవుఫ్రాసియా జుట్టు ముడేసుకోబోయి "అబ్బా!" అంది. "నీ ముళ్ళన్నీ నా తలకెక్కాయి. మెడంతా గుచ్చుతోంది. ఇప్పుడు వీటిని ఎవరు తీస్తారు?"

"నేను తీస్తా."

"ఒక్క పూటలో తెమిలే పనా ఇది? కాసేపట్లో బండి వస్తుంది."

"నేనూ ఆ బండే ఎక్కుతా. మీ ఊరొచ్చి తీస్తా."

"మా ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? నా తల పట్టుకుని కూర్చున్న ఈ గుండాయన ఎవరని అడిగితే ఏం చెప్పను?"

టిబుర్సియో తన గుండు ఒకసారి తడుముకున్నాడు.

"మా ఆయన అని చెప్పు."

అటు తిరిగి ఉన్న ఆవిడ భుజాలు కదులుతుంటే నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక ఆయన హడలిపోయాడు. చివరికి ముక్కు తుడుచుకుంటూ లేచింది.

"అయితే నిలబడ్డావేం? పోయి మూట సర్దుకో."