మడిచి పెట్టిన కొమ్మ

మా సెక్షన్ హెడ్‌ని ఆఫీసంతా చాటుగా వెన్నముద్ద అంటుంది. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా "నీ మంచికే నాన్నా" అనే రకం. లిఫ్టులు బిగించి, వాటిని తనిఖీ చేసే కంపెనీ మాది. మా తమ్ముడు అక్కడే ఇన్‌స్పెక్టరు. మేం అక్కాతమ్ముళ్లమని ఆఫీసులో చెప్పుకోలేదు. చెబితే పని కంటే చుట్టరికమే ముందు మాటకొస్తుందని వాడే వద్దన్నాడు.

ఒక పెద్ద దుకాణంలో లిఫ్టు జారి ఒక ముసలాయన కాలు విరిగింది. బ్రేకు అరిగిందని చూసి కూడా ఇన్‌స్పెక్టరు పట్టించుకోలేదని వెన్నముద్ద తేల్చేశాడు. ఆ రోజే ఫోన్ చేశాననీ, లిఫ్టు ఆపేస్తానంటే వెన్నముద్దే వద్దన్నాడనీ తమ్ముడు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఫోన్లో మాటకు సాక్ష్యం ఎవరు? విచారణ సంఘం వాడి లైసెన్సు రద్దు చేసే పనిలో పడింది. అది పోతే వాడు ఇక జన్మలో లిఫ్టు ముట్టుకోకూడదు. వాడికి మరో పని రాదు. మరో పని మీద మనసూ లేదు. గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. "మీరైనా వచ్చి మాట్లాడించండి వదినా" అని మరదలు రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది.

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం దానికి పోయే దారి తెలియదు. పొద్దున్నే వెన్నముద్దకు నమస్కారం పెట్టి, ఆయన ఏడు తరాలనూ లోపల్లోపలే కడిగేసి, అప్పుడు పనిలో కూర్చునేదాన్ని.

కంపెనీ తరఫున మెయిళ్లు రాయడం నా పని. నేను వాటిని మెయిల్ పెట్టెలో రాయను. అక్షరాలు తప్ప హంగులేవీ లేని ఎడిటర్లో రాస్తాను. వరుస మొదట్లో ఒక స్టార్ పెడితే పెద్ద శీర్షిక, రెండు పెడితే దాని కింది కొమ్మ. శీర్షిక మీద మీట నొక్కితే కింద రాసిందంతా ముడుచుకుని, పక్కన మూడు చుక్కలు మిగులుతాయి. చివర్లో ఒక్క ఆదేశం ఇస్తే అదంతా తీర్చిదిద్దిన మెయిలుగా మారి వెళుతుంది. ఏదైనా శీర్షికకు 'పంపొద్దు' అని తగిలిస్తే అదీ, దాని కింది కొమ్మలూ మన దగ్గరే ఉండిపోతాయి.

పైవాళ్లు నా మెయిళ్లు మెచ్చుకునేసరికి వెన్నముద్దకు కన్ను కుట్టింది. నేర్పమన్నాడు, నేర్పాను. 'పంపొద్దు' ఆయనకు తెగ నచ్చింది. ప్రతి మెయిల్లోనూ 'నాలో నేను' అని ఒక శీర్షిక పెట్టి, దానికి ఆ మాట తగిలించి, ఎవరి దగ్గర ఏం దాచాలో దాని కింద రాసుకునేవాడు.

విచారణ సంఘానికి వివరణ పంపే రోజున నన్ను గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, ఫోటోలు ఎక్కట్లేదు" అని కుర్చీ నాకిచ్చాడు. ఇంతలో ఫోన్ మోగితే కిటికీ దగ్గరికి వెళ్లాడు.

తెర మీద శీర్షికలన్నీ మడిచి ఉన్నాయి. అన్నిటికంటే కింద, ఒక్క స్టార్‌తో, 'ఫోన్ సంగతి' అని ఒకటి కనిపించింది. 'నాలో నేను' కింద ఉండాల్సిన కొమ్మ అది. వరుసలు సర్దుతూ దాన్ని కిందికి జరపబోయి, ఒక స్టార్ తగ్గించి పెద్ద శీర్షికను చేసేసినట్టున్నాడు. 'పంపొద్దు' తల్లి శీర్షికకే ఉంది, విడిపోయి వచ్చిన పిల్లకు లేదు. మడిచి ఉంది కదా, దాగి ఉందనుకున్నాడు. మడిస్తే మన కళ్లకే కనపడదు గానీ మెయిల్లో పూర్తిగా వెళ్లిపోతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసే పొరపాటే.

మీట నొక్కి విప్పాను.

'బ్రేకు అరిగింది, లిఫ్టు ఆపేస్తానని అతను ఫోన్ చేశాడు. పండగ బేరాలు అయ్యేదాకా నడవనివ్వమన్నది నేనే. ఈ మాట ఎత్తకూడదు. అడిగితే గుర్తులేదనాలి.'

నా తమ్ముడు మొత్తుకున్న మాటను ఈ మహానుభావుడు తన వేళ్లతోనే టైపు చేసుకున్నాడు. లేచి ఆ కీబోర్డుతోనే ఆయన నెత్తి మీద మొత్తాలనిపించింది. కొమ్మను మళ్లీ మడిచేసి, ఫోటోలు తగిలించాను.

ఆయన ఫోన్ పెట్టేసి వచ్చాడు. "ఇంకేమన్నా సరిచెయ్యాలా? నీ కన్ను చురుకు."

"అంతా సరిగ్గానే ఉంది సార్."

అబద్ధాలు నాకు అలవాటు లేదు. అది మాత్రం తడబడకుండా వచ్చింది. ఆయన పంపే ఆదేశం ఇచ్చాడు. నేను నా సీటుకు వెళ్లి కూర్చున్నాను.

కాసేపటికే ఆ గది తలుపు తెరుచుకుంది. ఎప్పుడూ మమ్మల్ని తన దగ్గరికి పిలిపించుకునే మనిషి, తనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. పంపిన మెయిలు ఎంత అందంగా ఉందో చూసుకుందామని తెరిచినట్టున్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, ఆ మెయిలు ఇంకా ట్రేలోనే కనపడుతోంది. వెళ్లలేదు కదా?"

మా మెయిళ్లు నొక్కగానే పోవు. సెక్షన్ మొత్తానికీ ఉన్న ఒకే ట్రేలో కాసేపు ఆగి, అన్నీ కలిసి బయల్దేరతాయి. వాటిని వెనక్కి తీయడం ఆయనకు రాదు.

"వెళ్లలేదు సార్."

"ఆపగలవా?"

"ఆపగలను సార్."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించావు తల్లీ. ఆపు."

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఆ ఇన్‌స్పెక్టరు మా తమ్ముడు సార్."

ఆయనకు ముందు అర్థం కాలేదు. తర్వాత నీళ్లు నమిలాడు. "నాకు తెలీదమ్మా. తెలిసుంటే..."

"తెలిసుంటే ఇంకెవరి తమ్ముడి మీదో తోసేవారు."

"వాడి లైసెన్సు నేను నిలబెట్టిస్తాను. తప్పు వాడిది కాదని రాసిస్తాను. ముందు అది ఆపమ్మా."

"రాసిచ్చారుగా సార్."

నా తెర మీద ట్రే ఖాళీ అయింది. అది చూసి ఆయన గొంతు లేచింది. నా ఉద్యోగం ఊడబీకుతానన్నాడు, వీధిలో నిలబెడతానన్నాడు. సెక్షన్ మొత్తం తలలు తిప్పి చూసింది. అరిచి అరిచి ఆయాసం వచ్చి, నా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. వయసులో పెద్దవాడు కదా, జాలేమైనా వేస్తుందేమోనని ఆయన వంకే కాసేపు చూశాను. వేయలేదు.