కుడి చెంప మీద పుట్టుమచ్చ

స్టాంపులక్కకు కుడి ఎడమలు తెలియవని వీధిలో అందరికీ తెలుసు. తెలియక కాదు పాపం, రబ్బరు స్టాంపులు చెక్కే వృత్తి అలాంటిది. రబ్బరు ముక్క మీద ప్రతి అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఇరవై ఏళ్లుగా చెక్కీ చెక్కీ, ఎవరైనా దారి అడిగితే ఎడమ అనబోయి కుడి అనేస్తుంది. "మా అక్క చెప్పిన దారిన పోతే స్వర్గానికి బయల్దేరినవాడు కూడా పోలీస్ స్టేషన్లో తేలతాడు" అని తమ్ముడు ఏడిపించేవాడు.

ఆ వెక్కిరింత వినపడి నాలుగేళ్లయింది. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక పని వెతుక్కుంటానని ఒక పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెళ్లాడు, అంతే. ఉత్తరం లేదు, ఫోను లేదు. పైగా ముందురోజే ఆమె "కూర్చుని తింటున్నావు" అని ఒక మాట అంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోగలమా? అప్పటినుంచి దుకాణం ముందు ఏ చెప్పుల చప్పుడైనా ఆమె చేతిలో బ్లేడు ఆగిపోతుంది.

ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో ముసలి పాస్టరుగారిని పట్టుకునేది.

"అయ్యగారూ, మావాడు బతికున్నాడంటారా?"

"నాకు తెలియదమ్మా. దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాను."

నాలుగేళ్లుగా అదే జవాబు. దాంతో కడుపు నిండుతుందా, మీరే చెప్పండి?

కాలమూ అలాగే ఏడ్చింది. రోజుకో కొట్టు మూతపడుతోంది, ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. భయం పెరిగిన చోట ప్రవక్తలకేం కొదవ? తెల్లకోటు వేసుకుని ఒకాయన దిగాడు. తప్పిపోయినవాళ్లు ఎక్కడున్నారో దేవుడు ఆయనకు కళ్లకు కట్టినట్టు చూపిస్తాడట! నెల తిరగకుండా పాస్టరుగారి చర్చిలో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి.

"ఒక్కసారి వెళ్దామే. చూసొస్తే పోయేదేముంది?" అంది తల్లి. కాదనడానికి స్టాంపులక్కకు నోరు రాలేదు. తనకూ వెళ్లాలనే ఉంది మరి.

ప్రవక్త సభ జరిగే హాలు గుమ్మం దగ్గర చీటీలు ఇస్తున్నారు. "తప్పిపోయినవాళ్ల గుర్తులు, మీ వివరాలు రాయండమ్మా. పీఠం మీద పెట్టి ప్రార్థిస్తాం, ఎవరూ విప్పి చూడరు" అన్నాడు అక్కడి మనిషి. తల్లికి చదువు రాదు. స్టాంపులక్కే రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

రెండు గంటలు పాటలయ్యాక ప్రవక్త కళ్లు మూసుకున్నాడు.

"ఒక అబ్బాయి కనిపిస్తున్నాడు... భుజాన సంచి. వాడి అక్క ఇక్కడే ఉంది. స్టాంపులు చెక్కే చేతులు. వాడి కుడి చెంప మీద పుట్టుమచ్చ! బతికే ఉన్నాడమ్మా, నలభై రోజుల్లో నీ గుమ్మం తొక్కుతాడు. లేచి అందరి ముందూ ఆమెన్ అను!"

స్టాంపులక్క లేచి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. పక్కన తల్లి అప్పుడే "ఆమెన్!" అని గట్టిగా అరిచింది. ఎవరో మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు.

కుడి చెంపా?

ఎడమ కదూ! చిన్నప్పుడు అది మట్టి అనుకుని తడిగుడ్డతో రుద్ది రుద్ది వాణ్ణి ఏడిపించింది తనే. మరి కుడి అని ఎవరన్నారు? చీటీలో తనే రాసింది, అలవాటు చొప్పున తిరగేసి. ఆ ముఖాన్ని చేసిన దేవుడు చూపిస్తే ఎడమ చెంపే చూపించడూ?

అయినా ఆమెన్ అనేయాలనిపించింది. దాచడమెందుకు, ప్రాణం పోయేంతగా అనిపించింది. కనీసం నలభై రోజులు తమ్ముడు వస్తాడని ఎదురుచూడొచ్చు. కానీ ఆ మాట దేవుడికి చెప్పేది. ఆయనతో అబద్ధం ఎలా ఆడడం?

"కాదండీ," అంది మైకులో. "మచ్చ ఎడమ చెంప మీద. చీటీలో కుడి అని పొరపాటున రాసింది నేను."

మైకు లాగేసుకున్నారు. "నీ అవిశ్వాసమే వాణ్ణి నీకు దూరం చేసింది!" అని అరిచాడు ప్రవక్త. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తల్లి చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

బస్టాపులో తల్లి ముఖం చూడలేకపోయింది.

"నీ ఆశ తుంచేశానమ్మా."

"తుంచడానికేముందే? కుడి అనగానే నాకూ తెలిసింది. పాలిచ్చినన్నాళ్లూ ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నదాన్ని."

"మరి ఆమెన్ అన్నావేం?"

"బతికున్నాడు అన్నాడు కదే. నాలుగేళ్లలో ఆ ముక్క ఒక్కరైనా అన్నారా నాతో?" తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనకి కాదు, ఆ ముక్కకి అన్నాను. తప్పయితే క్షమించమని నువ్వే అడుగు. నాకు నోరు రావట్లేదు."

స్టాంపులక్క అక్కడే, బెంచీ మీదే కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మమ్మల్ని క్షమించు. మావాడు బతికుంటే వాడికింత అన్నం దొరికేలా చూడు. వాణ్ణి ఇంటికి పంపించు. ఒకవేళ..." ఆ తర్వాతి మాట నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. "ఒకవేళ లేకపోతే, నీ దగ్గరే జాగ్రత్తగా ఉంచు. ఎలాగైనా మేం నిన్ను వదలం."

బస్సొచ్చింది, మనుషులు ఎక్కారు, బస్సు వెళ్లిపోయింది. చాలాసేపటికి, పక్కనున్న కూతురికి మాత్రమే వినపడేంత మెల్లగా, తల్లి "ఆమెన్" అంది.

తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని ఏడ్చారు.